ఏడో గదిలో మూడో మనిషి

పోయిన వారం మీరు నన్ను ఆరో గదిలో, తలుపు అద్దానికి ముక్కు ఆనించి ఎదుటి గదిని కాపలా కాస్తుండగా వదిలేసి పుస్తకం మూసేశారు. మీకేం, హాయిగా వారం గడిచింది. నాకు అక్కడ గడిచింది పది నిమిషాలే. ఆ పది నిమిషాలకే మోకాళ్లు పట్టేశాయి.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. నా పేరు ఫుసాయె. అరవై మూడేళ్లు. ఒకాయామా ఊళ్లో పొద్దున్నంతా ఒక లంచ్ బాక్సుల వంటశాలలో గుడ్లట్లు చుడతాను. ప్రతి మంగళవారం రెండింటికి సుజుమె అనే కరావోకే కొట్టుకి వెళ్లి, ఏడో గదిలో ఒక్కదాన్నే కూర్చుని పాటల అంత్యాక్షరి ఆడుకుంటాను. ఆ గదిలో పద్నాలుగేళ్లు ముగ్గురం ఆడాం: నేను, మా ఆయన ఇవావో, నా చిన్ననాటి స్నేహితురాలు తోకికో. ఇవావో పోయి ఏడాదిన్నర అయింది. తోకికోతో ఆ వారంలోనే మాటలు పోయాయి. ఎందుకు పోయాయో ఇన్ని వారాలుగా మీకు చెప్పకుండా దాటేస్తున్నాను. ఈ వారం దాటెయ్యడం కుదరదు.

ఆట తెలియనిదేం కాదు. పాట పేరు ఏ అక్షరంతో ముగిస్తే, ఆ అక్షరంతో మొదలయ్యే పాట అవతలివాళ్లు పాడాలి. మొదటి చరణమైనా పూర్తిగా నడవాలి, లేకపోతే లెక్కలోకి రాదు. ఒకరికి ఒక వంతుకి ఒకటే పాట. పేరు చివర పొల్లు ‘న్’ వచ్చిందా, పాడినవాళ్లు ఓడినట్టే, ఎందుకంటే దానితో మొదలయ్యే మాట మా దగ్గర లేదు. ఓడినవాళ్లు రోడ్డవతల కొట్లో అందరికీ వేడి వేడి ఉదోన్ పెట్టించాలి. ఆ సేమ్యా గిన్నెలు ఖాళీ అయ్యాక కొత్త ఆట మొదలుపెట్టాల్సింది కూడా ఓడినవాళ్లే. ఈ చివరి నియమం ఇవావో పెట్టినది. ఓడినవాళ్లు మూతి ముడుచుకుని ఇంటికి పోకుండా ఉండాలని.

ఏప్రిల్‌లో ఒక వింత జరిగింది. గదిలో పాటలు ఎంచుకునే పలక ఒకటి ఉంటుంది. దాని మీద, మనకంటే ముందు ఆ గదిలో ఎవరేం పాడారో జాబితా కనపడుతుంది. నేను మంగళవారం ఒక పాటతో ఆపితే, వారం తిరిగేసరికి ఎవరో దాని చివరి అక్షరం పట్టుకుని ఇంకో పాట పెట్టారు. ఏదో కాకతాళీయం అనుకున్నాను. నేను మళ్లీ అందుకున్నాను, వాళ్లు మళ్లీ అందుకున్నారు. ఎనిమిది వారాలు. ఒంటరిగా ఉన్నవాళ్లకి తెలుస్తుంది, ఊళ్లో ఎక్కడో ఒక మనిషి మన కోసం కూర్చుని పాట వెతుకుతున్నారంటే అదెంత మాటో. ఆ ఎనిమిది వారాలూ నేను ఇంట్లో అన్నం సరిగ్గా వండుకు తిన్నాను.

ముందు తోకికో ఏమోనని అనుకోకపోలేదు. కానీ కొన్ని పాటల పక్కన, పాడినదాన్ని బట్టి యంత్రం వేసే మార్కులు ఉన్నాయి, కొన్నిటి పక్కన లేవు. ఉన్నవి చూస్తే ఎనభై, డెబ్బై తొమ్మిది. తోకికోకి తొంభై అయిదుకి తక్కువ ఎప్పుడూ రాలేదు, మార్కులు ఆపి పాడేంత వినయం అంతకన్నా లేదు. కాబట్టి తోకికో కాదని, ఒకే మనిషి బుధవారం ఒకసారి, గురువారం ఒకసారి వస్తున్నారని తేల్చుకున్నాను. పోయిన మంగళవారం ‘సెటో నొ హిరు’ పాడి వచ్చాను. చివర ‘రు’. రుతో మొదలయ్యే పాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆట నిజంగా వచ్చినవాళ్లెవరో దాంతో తేలిపోతుంది. తర్వాత గురువారం సెలవు పెట్టి ఆరో గదిలో నక్కాను. మూడింటికి ఏడో గదిలోకి వెళ్లింది వాన టోపీ పెట్టుకున్న ఒక మగమనిషి.

సరే, ఇక్కణ్ణుంచి కొత్తది.

పది నిమిషాలు చూశాను. లోపల్నుంచి పాట రాలేదు. ఇంక ఆగలేక వెళ్లి, తలుపు తట్టకుండానే తీసేశాను. అరవై మూడేళ్లలో నేను తట్టకుండా తీసిన తలుపు అదొక్కటే.

ఆయనకి డెబ్బై దాటి ఉంటాయి. గదిలో లైట్లన్నీ వేసుకుని, పలక ఒళ్లో పెట్టుకుని, మైకు ముట్టుకోకుండా కూర్చున్నారు. టీ మీద మీగడ కట్టినట్టు పొర తేలుతోంది. నన్ను చూసి లేచి నిలబడి, టోపీ తీసి, నడుం వంచి చాలాసేపు అలాగే ఉండిపోయారు. తప్పు చేసి దొరికినవాళ్లు వంగినట్టు వంగారు.

“మంగళవారం పాడేది మీరే కదండీ?” అన్నారు తల ఎత్తకుండానే.

నేను రాత్రంతా మాటలు కూడబెట్టుకుని వచ్చాను. ఎవరండీ మీరు, ముక్కూ మొహం తెలియనివాళ్ల పాటల్లో వేలు పెట్టడానికి, అని మొదలుపెట్టాలని. తీరా నోట్లోంచి వచ్చింది వేరే.

“రుకి ఏం పాడారు?” అన్నాను.

“రు నాది కాదండీ. నాకు రుతో ఒక్క పాట కూడా రాదు. మార్కులున్నవే నావి. మార్కుల్లేనివి ఆవిడవి.”

“ఏ ఆవిడ?”

ఆయన అప్పుడు తలెత్తి నా మొహం చూశారు. ఆయనకీ అప్పుడే అర్థమైనట్టుంది, నాకేమీ తెలియదని.

పేరు హిరామాట్సు. ముప్ఫై ఎనిమిదేళ్లు ఊళ్లో ట్రాం నడిపారట. భార్య పోయి ఆరేళ్లు. మాట్లాడే అవసరం లేక గొంతు పూడుకుపోతోందని, వారానికోసారి గట్టిగా పాడమని డాక్టరు చెప్పాడట. ఇంట్లో ఆయనతో మాట్లాడేది స్నానాల గదిలో నీళ్లు కాచే యంత్రం ఒక్కటే. ‘స్నానానికి నీళ్లు సిద్ధం’ అని అది అంటే, ‘అలాగేనమ్మా, వస్తున్నా’ అని ఈయన అంటారట. చెప్పి తనే నవ్వారు. నేను నవ్వలేదు. మా ఇంట్లో యంత్రానికి నేనూ జవాబు చెబుతాను.

మే నెలలో ఒక గురువారం జాబితా తిరగేస్తుంటే ఆయనకి పాటలు గొలుసుగా కనపడ్డాయట. మంగళవారం ఒకటి, బుధవారం ఒకటి, మళ్లీ మంగళవారం. ఎవరో ఇద్దరు స్నేహితులు వీలు కుదరక ఇలా ఆడుకుంటున్నారు కాబోలనుకున్నారు. చూసి ఊరుకోలేకపోయారు. గురువారం చివర తను కూడా ఒకటి తగిలించారు. తర్వాతి మంగళవారం దాన్ని నేను అందుకున్నాను. ఆ రోజు ట్రాం మలుపు తిప్పినట్టు ఒళ్లంతా ఊగిందండీ అన్నారు, నన్నూ లెక్కలో వేసుకున్నారని.

“పిలవని పేరంటానికి వచ్చాను. మధ్యలో దూరినందుకే మీ ఇద్దరికీ ఏదైనా మాటా మాటా వచ్చిందేమోనని ఇందాకణ్ణుంచి కూర్చుని ఆలోచిస్తున్నాను. లేకపోతే ఆవిడ ఇలా ఎందుకు చేస్తుంది?” అని పలక నా చేతికిచ్చారు.

జాబితాలో నిన్నటి తేదీ. బుధవారం, మధ్యాహ్నం రెండూ నలభై. రెండు పాటలు, రెండిటికీ మార్కుల్లేవు.

మొదటిది ‘రుసుబాన్ నొ అసా’. ఇల్లు చూసుకుంటూ ఒంటరిగా ఉండిపోయిన పొద్దు, అని. పాత సామాన్ల కొట్లో వంద యెన్‌లకి దొరికిన గ్రామఫోను రికార్డు వెనక వైపు ఉన్న పాట అది. అది ఇవావో కంట పడ్డ రోజు నాకింకా గుర్తు, చేపలు పట్టుకొచ్చినవాడిలా ఇంటికి వచ్చాడు. అక్షరానికో పేజీ చొప్పున పాటల పేర్లు రాసుకునే నోటుబుక్కు ఉండేది అతనికి. రు పేజీలో ఆరో పాటగా దాన్ని ఎక్కించి, ఈ సంగతి మన ముగ్గురి మధ్యే ఉండాలి అని ఒట్టు వేయించుకున్నాడు. లోకంలో ఆ పాటని రుకి వాడేవాళ్లు ముగ్గురే. ఒకరు బూడిదయ్యారు. ఒకరు నేను.

దాని కింద, వంతు లేకుండా, నియమం తప్పి, రెండో పాట ఉంది. సా అక్షరానికి. ‘సముయి హి నొ ఉదోన్’. చలిరోజు తినే ఉదోన్ మీద కట్టిన ఒక వెర్రి పాట. చివర పొల్లు ‘న్’.

నేను సోఫా మీద కూలబడ్డాను. హిరామాట్సు గారు కంగారుపడి తన చల్లారిన టీనే నా ముందుకి జరిపారు.

“ఆట అయిపోయింది కదండీ దాంతో. ఇంక ఏం పాడాలో తోచక అలా కూర్చున్నాను. నా వల్లేనా?” అన్నారు.

మీ వల్ల కాదు అన్నాను. ఆవిణ్ణి మీరు చూశారా అని అడిగాను.

చూశారు. ఒక్కసారి. గురువారం కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చి ఆ వారం బుధవారమే వచ్చారట. ఏడో గది ఖాళీ లేదు. వరండాలో కూర్చుంటే తలుపు అద్దంలోంచి కనపడింది. మీ వయసు ఉంటుందండీ అన్నారు. జూన్ ఉక్కలో మెడకి స్కార్ఫు చుట్టుకుని ఉంది. పాట నడుస్తోంది, తెర మీద అక్షరాలు రంగు మారుతున్నాయి. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. కానీ మైకులు రెండూ బల్ల మీద బుట్టలో, తొడిగిన ప్లాస్టిక్ తొడుగులతో అలాగే ఉన్నాయి. ఇదెక్కడి చోద్యం, డబ్బు కట్టి పాడకుండా కూర్చోవడం, అనుకున్నారట. తర్వాత ఆవిడ బయటికి వచ్చినప్పుడు గొడుగు జారిపడితే ఈయన తీసి ఇచ్చారు. ఆవిడ సంచిలోంచి చిన్న పుస్తకం తీసి ఒక పేజీ చూపించిందట. అప్పటికప్పుడు రాసింది కాదు, ఎంతోమందికి చూపించి అంచులు నలిగిపోయిన పేజీ.

“ఏముంది అందులో?”

“‘గొంతుకి ఆపరేషన్ అయింది. మాట రాదు. క్షమించాలి, ధన్యవాదాలు’ అని ఉందండీ.”

తోకికోకి మాట రాదట. బళ్లో పద్యం చెప్పమంటే పక్క తరగతి పిల్లలు కిటికీల్లో మూగే తోకికోకి. ఇదే గదిలో పై స్వరం అందుకుంటే గోడవతలివాళ్లు పాడడం ఆపి వినే తోకికోకి. మార్కులు లేకపోవడం వినయం కాదు, గర్వం కాదు. గొంతు వినపడకపోతే యంత్రం మార్కు వెయ్యదు, అంతే. మొదటి చరణమైనా నడవకపోతే లెక్కలోకి రాదు కాబట్టి, ఎనిమిది వారాలు అది వచ్చి కూర్చుని, పాట పెట్టి, పెదాలు కదిపి వెళ్లింది. నేను ఇంట్లో కూర్చుని మార్కులాపుకునే ఆ పొగరుబోతు ఎవరా అని ఊహించుకున్నాను.

హిరామాట్సు గారు ఏమీ అడగలేదు. అడగనందుకే చెప్పాను. మీకూ ఇప్పుడే చెబుతున్నాను.

ఇవావో శవం పక్కన జాగారం చేసే సాయంత్రం అది. డిసెంబరు. అగరొత్తుల పొగ, నల్లబట్టల్లో అతని అన్నలూ వదినలూ, బౌద్ధ పూజారి అప్పుడే లేచి వెళ్లాడు. తోకికో శవపెట్టె ముందుకి వెళ్లి కూర్చుంది. దణ్ణం పెడుతుంది అనుకున్నాం. పాట ఎత్తుకుంది. అదీ ఏ పాట? ఉదోన్ పాట. ఆటలో పొల్లు వస్తుందని ఇవావో పద్నాలుగేళ్లు నోరు కట్టుకుని, తొట్టిలో స్నానం చేసేటప్పుడు మాత్రం గొంతెత్తి పాడుకునే ఆ వెర్రి పాట. పూర్తిగా, రెండు చరణాలూ. మా పెద్ద బావగారి మొహం పాలిపోయింది. ఒకావిడ లేచి బయటికి వెళ్లిపోయింది. పాట అయ్యాక నేను తోకికోని వంటింట్లోకి లాక్కెళ్లి ఏమిటే ఇది అని అడిగితే, ఆయనే అడిగాడు ఫుసాయె, ఆస్పత్రిలో మాట తీసుకున్నాడు అంది.

నాకు మండింది పరువు పోయినందుకు కాదు. అలా అని చాలామందికి చెప్పాను, కాదు. నలభై ఏళ్లు కాపురం చేసినదాన్ని నన్ను అడగలేదు. దాన్ని అడిగాడు. చివరి కోరిక ఒకటుందని నాకు తెలియను కూడా తెలియదు. ఆ కడుపుమంటలో ఒక మాట అనేశాను.

“ఏమన్నారు?” అన్నారు హిరామాట్సు గారు మెల్లిగా.

“నీ గొంతు ఇంక జన్మలో నా చెవిన పడకూడదు అన్నాను.”

తెర మీద ఏదో కొత్త జట్టు కుర్రాళ్లు పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ తమ పాట గురించి చెప్పుకుంటున్నారు. గది మూల ఫోను మోగింది. పది నిమిషాలే ఉంది, పొడిగిస్తారా అని ముందు బల్ల దగ్గర్నుంచి. ఆయన వద్దన్నారు.

“మాటకి అంత బలం ఉండదండీ. ఉంటే ట్రాంలో నన్ను తిట్టినవాళ్ల నోటికి నేను ఎప్పుడో పోయి ఉండేవాణ్ణి,” అన్నారు లేస్తూ.

మంచి మాటే. కానీ నాకు ఒంటబట్టలేదు.

ముందు బల్ల దగ్గర ఒమోరి గారని ఒకావిడ ఉంటుంది. కొట్టు యజమాని భార్య. మా ముగ్గురినీ పద్నాలుగేళ్లుగా ఎరుగును. ఆమె మొహం చూడగానే తెలిసిపోయింది, ఈమెకి అన్నీ తెలుసని. నేను అడగలేదు, అలా నిలబడ్డాను. ఆమె రసీదు చింపుతూ, నా వైపు చూడకుండా చెప్పుకుపోయింది. పోయిన అక్టోబరులో ఆపరేషన్. గడ్డ తీసేశారు, ప్రాణానికి భయం లేదు, గొంతు నరం మాత్రం పోయింది. మీకు చెప్పొద్దని రాసి ఇచ్చింది ఫుసాయె గారూ, నేనేం చెయ్యను. వచ్చే బుధవారం పొద్దున్నే ఏడో గది యంత్రం మారుస్తున్నారు, పాత జాబితా అంతా పోతుంది. ఆ సంగతి నిన్న చెబితే, మళ్లీ లోపలికి వెళ్లి ఇంకో పాట పెట్టి వచ్చింది.

అక్టోబరు. నేను బల్ల అంచు పట్టుకున్నాను. ఎందుకంటే అక్టోబరు తర్వాత నవంబరు వస్తుంది.

నవంబరులో మా ఇంటి ఫోను మూడుసార్లు మోగింది. ఎత్తితే అవతల మాట లేదు. ఊపిరి మాత్రం. మా కాలనీ నోటీసు బోర్డు నిండా పోలీసుల కాగితాలే: ఒంటరి ముసలివాళ్లకి ఫోన్లు వస్తాయి, కొడుకునని చెప్పి డబ్బు గుంజుతారు, మాట్లాడకపోతే వెంటనే పెట్టెయ్యండి అని. నేను బుద్ధిమంతురాలిని. మొదటిసారి పెట్టేశాను. రెండోసారి తిట్టి పెట్టేశాను. మూడోసారి, సిగ్గులేని వెధవా, ముసలిదాన్ని ఏడిపించి ఏం బావుకుంటావ్, పోలీసులకి చెబుతా అని అరిచి, నిజంగానే చెప్పాను. నగర కార్యాలయం నుంచి ఒకతను వచ్చి ఫోనుకి ఒక చిన్న డబ్బా తగిలించి వెళ్లాడు. అప్పట్నుంచి మా ఇంటికి ఎవరు చేసినా ముందు ఆ డబ్బా మాట్లాడుతుంది. మోసాల నివారణ కోసం ఈ సంభాషణ రికార్డు చేయబడుతోంది అని. ఆ తర్వాత ఊపిరి ఫోన్లు రాలేదు. డబ్బా భలే పనిచేసిందని వంటశాలలో అందరికీ చెప్పాను.

నా గొంతు నీ చెవిన పడకూడదన్నావు గానీ, నీ గొంతు నేను వినకూడదని అనలేదు కదా అనుకుని ఉంటుంది తోకికో. మాట రాని మనిషి ఫోను చేసేది ఇంకెందుకు?

వాన సన్నగా పడుతోంది. హిరామాట్సు గారు గొడుగు విప్పి నా కోసం ఆగారు. ఎక్కడికండీ అన్నారు. ఉదోన్ కొట్టుకి అన్నాను. పొల్లు వచ్చాక వెళ్లేది అక్కడికే.

నిన్న అక్కడ కూర్చుని ఉంటుందేమో, ఈ రోజూ వస్తుందేమో అని ఒక వెర్రి ఆశ. లేదు. రెండు బల్లల దగ్గర ఎవరో కూలీలు తింటున్నారు, కిటికీ పక్కన మా బల్ల ఖాళీగా ఉంది. కొట్టావిడ నన్ను చూసి, గరిటె పక్కన పెట్టి, పచ్చి ఉల్లికాడల గిన్నె కింద దాచిన కాగితం ఒకటి తీసి ఇచ్చింది. నిన్న నీ స్నేహితురాలు రెండు గిన్నెలకి డబ్బిచ్చి వెళ్లిందమ్మా, మంగళవారం వస్తావని చెప్పి, కాదు రాసి, అంది. గురువారమే వచ్చావే.

తోకికో రాత నాకు కొత్త కాదు. గొంతెంత ఒంపులు పోయేదో, రాత అంత కోడిగీతలు.

‘ఈసారి నేనే ఓడాను. ఒక గిన్నె నీకు, ఒకటి గురువారం వచ్చే ఆ ఎనభై మార్కుల మనిషికి. పాపం ఎవరో గానీ రు రాదు, మిగతావన్నీ కష్టపడి వెతుకుతారు. ఇవావో నిన్ను కాకుండా నన్నెందుకు అడిగాడో ఆ రోజు నువ్వు చెప్పనివ్వలేదు. అది కాగితం మీద రాసేది కాదు. ఒకసారి రావచ్చా? నా గొంతు నీ చెవిన పడదు, ఆ భయం లేదు.’

కాగితం హిరామాట్సు గారికిచ్చాను. ఆయన కళ్లజోడు మార్చుకుని చదివారు. ఎనభై మార్కుల మనిషి దగ్గర ఆగి, మళ్లీ చదివారు. తర్వాత, గిన్నె ఆవిరికి కళ్లజోడు మసకబారిందని తుడుచుకుంటూ కూర్చున్నారు. అప్పటికి గిన్నె ఇంకా బల్ల మీదికే రాలేదని నేను చూశాను గానీ అనలేదు.

నేను తినలేకపోయాను. నా సగం కూడా ఆయనే తిన్నారు, పారబోస్తే పెట్టినావిణ్ణి అవమానించినట్టు అవుతుందని.

ఇంటికి వచ్చేసరికి అయిదున్నర. చెప్పులు విప్పి, ఇవావో ఫొటో ముందు దీపం కూడా పెట్టకుండా నేరుగా ఫోను దగ్గరికి వెళ్లాను. నగర కార్యాలయం వాళ్ల డబ్బాని పీకేశాను. వైరు తెగిందో ఏమో, తెగనీ. స్నానాల గదిలోంచి యంత్రం నీళ్లు సిద్ధం అంది. కాసేపు ఆగవే అన్నాను.

ఆ నంబరు నలభై ఏళ్లుగా నోటికి వచ్చు. ఏడాదిన్నరగా వేళ్లకి వచ్చినా నొక్కలేదు. నొక్కాను. ఆరుసార్లు మోగింది. ఏడోసారి ఎత్తారు.

హలో లేదు. ఊపిరి. నవంబరులో మూడుసార్లు నేను తిట్టి పెట్టేసిన ఊపిరే. ఇప్పుడు వింటే ఎలా పోల్చుకోలేకపోయానో నాకే అర్థం కాలేదు. పరుపులు పక్కపక్కనే పరుచుకుని పడుకున్న వయసు నుంచి విన్న ఊపిరి.

“తోకికో, నేను పెట్టెయ్యను. నువ్వూ పెట్టెయ్యకు,” అన్నాను.

నాకు ఏడుపొస్తోంది. ఏడుపొస్తే నాకు వాగుడు ఎక్కువవుతుంది, అది దానికీ తెలుసు. ఆ మనిషి పేరు హిరామాట్సు అనీ, ట్రాం నడిపేవారనీ, నా గిన్నె కూడా ఆయనే ఖాళీ చేశారనీ చెప్పాను. వంతుకి రెండు పాటలు పెట్టడం తొండి అన్నాను. రుసుబాన్ పాటని వాడేసుకున్నావు, ఇక నాకు రుకి ఏం మిగిల్చావు అన్నాను. నవంబరు సంగతి చెప్పబోయి దాటేశాను. ఎందుకు నన్నడగలేదో అన్న ప్రశ్న నాలిక చివర దాకా వచ్చింది. ఏడాదిన్నరగా నన్ను తిన్న ప్రశ్న. దాన్ని వెనక్కి నెట్టాను. ముందు మనిషి కావాలి నాకు, జవాబు తర్వాత.

అప్పుడు అవతల నుంచి టక్, టక్, టక్ అని వినపడింది. గిన్నె అంచు మీద చాప్‌స్టిక్‌తో మూడు దెబ్బలు. పద్నాలుగేళ్లు ఏడో గదిలో కొత్త ఆట మొదలయ్యే ముందు తోకికో కొట్టే మూడు దెబ్బలు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో ఒళ్లు మరిచిపోయి, ఎప్పుడూ అనే మాటే అనేశాను.

“ఓడినవాళ్లే కదే మొదలుపెట్టాల్సింది. కానీ, నీదే వంతు. పాడు.”

అన్నాక తెలిసింది ఏమన్నానో. పద్దెనిమిది నెలల క్రితం వంటింట్లో అన్న మాటకి ఇది తోబుట్టువు. రిసీవరు రెండు చేతులతో పట్టుకున్నాను.

పెట్టేస్తుంది అనుకున్నాను. పెట్టెయ్యలేదు.

అవతల తోకికో గొంతు సవరించుకుంది.